వలసపక్షులు – గూటిని చూచి ఊరు తెలిసికొనుట

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దాపున తేలినీలాపురమను చిన్న గ్రామము కలదు. వానలు వెనుకబడిన తరువాత అచటికి పెద్ద పెద్ద పక్షులు గుంపులుగా వచ్చి ఊరి చెట్లపై దిగును. నీరు తోడెడి గూడవలె దవడ క్రింద సంచి గల గూడబాతులు (వీనినే పెలికానులందురు) కొన్ని. పసుపుపచ్చని పొడవైన ముక్కు, రెక్కల చివర గులాబి ఛాయ గల రంగుకొంగలు కొన్ని. ఎండలు ముదురునప్పటికి ఇవి వెళ్ళిపోవును. గ్రామస్థులు వీనిని ఆదరముతో చూచుకొందురు.

"ఈ పక్షులు ఎచటనుండి వచ్చినవి?" అని అడిగినచో "సైబీరియానుండి" అను జవాబు తరుచుగా వినవచ్చును. పత్రికలలో కూడ వీనిని సైబీరియా పక్షులని వ్రాయుట కద్దు. వేలకొలది మైళ్ళు దాటి మన ఊరు వెదకికొని వచ్చినవని చెప్పుకొనుటలో ఒక సంతోషమున్నది. కాని ఈ జవాబు నిజమేనా? దీనిని తేల్చుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు, కొంత ఓపిక ఉన్నచో ఉన్నత పాఠశాల విద్యార్థియే తేల్చగలడు. అది యెట్లో ఈ వ్యాసమున చూతము.

వలస యనగానేమి?

మేత వెదకికొనుచు ఒక చెరువునుండి మరియొక చెరువునకు ఎగిరిపోవుట వలస కాదు. ఏటేట ఒకే కాలమున ఒక ప్రదేశమును విడచి, దూరముననున్న మరియొక ప్రదేశమునకు పోయి, కాలము మారగనే మరల మొదటి తావునకు వచ్చుటయే వలస. కనుక వలసపక్షికి రెండు నివాసములుండును. ఒకటి గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచు చోటు. రెండవది పిల్లల పెంపకము ముగిసిన పిమ్మట మేతకై పోయి కాలము గడుపు చోటు.

ఈ రెండింటిలో పక్షికి సొంత ఊరు ఏది? గూడు కట్టిన చోటే. మన ఇంటి ఆడపిల్ల పురిటికి పుట్టినింటికి వచ్చినట్లు, పక్షి కూడ పిల్లలను కనుటకు తన ఊరికే పోవును. ఉత్తర దేశములనుండి చలికాలమున మన దేశమునకు వచ్చు బాతులు గాని, ఉల్లంకులు గాని, కాటుకపిట్టలు గాని ఇచట మేత మేయును, నిద్రించును, ఈకలు మార్చుకొనును. గూడు మాత్రము కట్టవు. వాని గూళ్ళన్నియు హిమాలయములలోనో, వానికి ఉత్తరముననో ఉండును.

ఇప్పుడు తేలినీలాపురమునకు మరల పోదము. అచటి గూడబాతులు చెట్లపై ఏమి చేయుచున్నవి? పుల్లలు తెచ్చి గూళ్ళు కట్టుచున్నవి. పిల్లలకు చేపలు తినిపించుచున్నవి. అనగా అదియే వాని పుట్టినిల్లు! ఈ జాతి గూడబాతు భారతదేశము, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశములకు చెందినది. సైబీరియాలో ఇది లేనే లేదు. రంగుకొంగ సంగతియు నంతే. అదే జిల్లాలో ఇచ్ఛాపురము దగ్గరనున్న తేలుకుంచి గ్రామమునకు తొలకరి వానలతో వచ్చి గూళ్ళు కట్టెడి నత్తకొంగలు కూడ మన దేశపు పక్షులే. నెల్లూరు ప్రాంతమున నేలపట్టు చెరువులో నీట మునిగిన కడపచెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుటయు, ఆ పక్షులు పులికాట్ సరస్సునకు పోయి చేపలు తెచ్చుటయు చాలమంది ఎరిగినదే.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. సైబీరియా పక్షులు వచ్చెడి చలికాలముననే గూడబాతులు కూడ ఏల వచ్చును? కారణము నీరు. పెద్ద పక్షి తన పిల్లలను పెంచుటకు చాల చేపలు కావలెను. వానలకు చెరువులు నిండి, చేపలు పెరిగిన తరువాతనే అది సాధ్యము. నెల్లూరు ప్రాంతమున పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరు, నవంబరులలో పడును గనుక గూళ్ళు కట్టుట కూడ అప్పుడే మొదలగును. కాబట్టి తేదీ నొక్కదానిని చూచి తీర్పు చెప్పినచో పొరపడుదుము. తేదీతోపాటు గూటిని కూడ చూడవలెను. ఆరంభకులు మొదట నేర్వవలసిన పాఠమిదియే.

పులికాట్ సరస్సున కనబడు ఫ్లెమింగోల సంగతి మరియొక విధము. రాజహంసలని మనవారు పిలుచు ఈ పక్షులు అచట మేయుటకే వచ్చును. అంతమాత్రమున ఇవియు సైబీరియా పక్షులు కావు. వర్షములు బాగుగ కురిసి నీరు నిలిచిన సంవత్సరములలో గుజరాతులోని కచ్ రణ్‌లో ఇవి వేలకొలది మట్టిగూళ్ళు కట్టును. దేశము దాటని వలసలు కూడ ఉన్నవని దీనివలన తెలియుచున్నది. తొమ్మిది రంగుల పొన్నంగి పిట్టయు నట్టిదే. ఇది హిమాలయ పాదముల యందును, మధ్యభారత అడవుల యందును గూడు కట్టి, చలికాలమునకు దక్షిణాదికి, శ్రీలంకకు పోవును. రాత్రివేళ ప్రయాణించి అలసిపోయి తోటలలోను, ఒక్కొక్కప్పుడు ఇండ్లలోను పడియుండుట కలదు. లోకములోని శాస్త్రజ్ఞులందరు ఈ పక్షి కుటుంబమును "పిట్ట" యనియే పిలుతురు. ఆ పేరు మన తెలుగుమాటయే!

ఎందులకు ఇంత ప్రయాణము?

చలికి తాళలేక పక్షులు పారిపోవునని మనము అనుకొందుము. ఇందు కొంత నిజమే గాని, అసలు కారణము ఆకలి. ఈకల కోటు తొడిగికొన్న పక్షి చలిని చాలవరకు ఓర్చుకొనగలదు. కాని చెరువు గడ్డకట్టినచో బాతునకు మేత యేది? పురుగులు మాయమైనచో కాటుకపిట్టకు ఆహారమేది?

అట్లయిన మేత దొరకెడి మన దేశముననే ఉండిపోరాదా? వేసవిలో ఉత్తర దేశములలో పగలు మిక్కిలి దీర్ఘముగ నుండును. మంచు కరగి ఏర్పడిన బురదనేలలలో పురుగులు లెక్కకు మించి పుట్టును. ఎక్కువసేపు మేత తెచ్చి, ఎక్కువ పిల్లలను పెంచుటకు అది అనువైన చోటు. ఆ కొద్ది నెలల సమృద్ధికొరకే పక్షి అంతదూరము తిరిగి పోవుచున్నది.

బయలుదేరవలసిన కాలము పక్షికెట్లు తెలియును? 1920 దశకమున కెనడాలో విలియం రోవన్ అను శాస్త్రజ్ఞుడు జుంకో లను చిన్న పిట్టలను ఆరుబయట పంజరములలో నుంచి, కొన్నింటికి మాత్రము దినదినము సాయంకాలమున విద్యుద్దీపముల వెలుగు కొంచెము కొంచెము పెంచుచు వచ్చెను. బయట గడ్డకట్టు చలియున్నను ఆ పిట్టల శరీరములలో వసంతకాలపు మార్పులు కలిగినవి. అనగా పక్షి చూచుకొను పంచాంగము పగటి నిడివియే; వేడిమి కాదు. ప్రయాణమునకు ముందు పక్షులు విపరీతముగ తిని క్రొవ్వు కూడబెట్టుకొనును. అదియే దారిబత్తెము. దూరప్రయాణము చేయు చిన్న పిట్టలు కొన్ని బయలుదేరునప్పటికి ఇంచుమించు రెండింతల బరువగును.

దారి చూపునదెవరు?

1950 దశకమున నెదర్లాండ్స్‌లో పెర్డెక్ అను శాస్త్రజ్ఞుడు ఒక గొప్ప ప్రయోగము చేసెను. శరత్కాలమున ఆ దేశముమీదుగ నైరృతి దిశగా ఉత్తర ఫ్రాన్సునకు, ఇంగ్లండునకు పోవుచున్న గోరువంక జాతి పక్షులను (స్టార్లింగులను) పదునొకండు వేలకు పైగా పట్టి, కాళ్ళకు వలయములు తొడిగి, విమానములలో స్విట్జర్లాండునకు తీసికొనిపోయి వదలెను. ఒకమారు ప్రయాణము చేసిన పెద్ద పక్షులు దిశ మార్చుకొని తమ మామూలు తావులవైపు పోయినవి. ఆ ఏడే పుట్టిన పిల్లపక్షులు దిశ మార్చుకొనలేదు. తాము పోవుచుండిన నైరృతి దిక్కునకే సాగి దక్షిణ ఫ్రాన్సునకు, స్పెయినునకు చేరినవి. కనుక దిక్కు పుట్టుకతో వచ్చునది. గమ్యస్థానమును గుర్తించుట అనుభవముతో వచ్చునది.

దిక్కు తెలిసికొనుటకు పక్షులకు సాధనములు పలుదెరగులు. పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రములు, ఎల్లవేళల భూమి అయస్కాంత క్షేత్రము. అమెరికాలో ఎమ్లెన్ అను శాస్త్రజ్ఞుడు కొన్ని పిట్టలను చిన్ననాటినుండి కృత్రిమ ఆకాశము క్రింద పెంచెను. ఆ ఆకాశమున నక్షత్రములన్నియు ధ్రువునిచుట్టు గాక ఆర్ద్రా నక్షత్రముచుట్టు తిరుగునట్లు ఏర్పాటు చేసెను. శరత్కాలము రాగా ఆ పిట్టలు ఆర్ద్రయే ఉత్తరమనుకొని దానికి ఎదురుదిక్కునకు ఎగురజూచినవి! ఆకాశమున కదలని చోటేదో పక్షి చిన్ననాడే చూచి నేర్చుకొనునని దీనివలన తేలినది. ఇక అయస్కాంత క్షేత్రమును బట్టి దిక్కు తెలిసికొనునను సంగతిని 1960 దశకమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాబిన్ అను పిట్టలతో చేసిన ప్రయోగములు వెల్లడించినవి.

వలయము తొడిగిన ఉపాధ్యాయుడు

పూర్వము యూరపు ప్రజలకు వలస సంగతి సరిగా తెలియదు. చలికాలమున వానకోయిలలు బొరియలలో దాగి నిద్రించునని గ్రీకు పండితుడైన అరిస్టాటిల్ వ్రాసెను. 1822లో జర్మనీలోని క్లూట్జ్ అను ఊరిలో ఒక తెల్లకొంగ చిక్కెను. దాని మెడలో ఇంచుమించు 75 సెంటీమీటర్ల ఈటె గ్రుచ్చుకొనియుండెను. ఆ ఈటె ఆఫ్రికాది! గాయముతోనే ఆ పక్షి అంతదూరము ఎగిరి వచ్చినది. ఆ కొంగను నేటికిని రోస్టాక్ విశ్వవిద్యాలయమున భద్రపరచి యుంచినారు.

కాని ప్రతి పక్షియు ఈటెతో రాదు గదా! గుర్తు వేయు మంచి ఉపాయమును కనుగొన్నవాడు డెన్మార్కులో విబోర్గ్ అను పట్టణమున పాఠశాల ఉపాధ్యాయుడైన మోర్టెన్‌సెన్. ఆయన మొదట జింకు వలయములతో ప్రయత్నించెను, అవి బరువెక్కినవి. 1899లో తేలికైన అల్యూమినియము వలయములపై సంఖ్యయు, చిరునామాయు చెక్కి 165 స్టార్లింగుల కాళ్ళకు తొడిగి వదలెను. నేడు ప్రపంచమంతట సాగుచున్న పద్ధతికి ఇదియే మొదలు. మన దేశమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఈ పనిని పూనికతో చేయుచున్నారు. సలీం అలీగారి (1896–1987) నాయకత్వమున 1959లో ఆరంభమైన పరిశోధనలో దేశమంతట ఎన్నో పక్షులకు వలయములు తొడుగబడినవి. భరత్‌పూర్‌లో గుర్తు వేసిన బాతులు నాటి సోవియట్ భూములలో చిక్కుటచేత వాని దారి తెలిసినది.

ఇప్పుడు ఉపగ్రహములకు సంకేతములు పంపు చిన్న యంత్రములను కూడ పక్షులకు కట్టుచున్నారు. తలపై రెండు నల్లచారలు గల బాతు టిబెట్టు, మంగోలియా దేశముల గూళ్ళనుండి దక్షిణ భారతపు చెరువులకు వచ్చుచు, హిమాలయములపై 7,000 మీటర్లకు మించిన ఎత్తున కూడ ఎగురునని ఇట్లే తెలిసినది. 2022లో ఒక గాడ్‌విట్ పక్షి అలాస్కానుండి టాస్మేనియాకు 11 దినములలో, ఎచటను దిగకుండ, 13,560 కిలోమీటర్లు ఎగిరెను.

ఆరంభకులు చూడదగిన పక్షులు

మొదటి ఏడు నాలుగైదు పక్షులు చాలును.

కాటుకపిట్ట: తోకను పైకి క్రిందికి ఊపుచు చెరువు గట్లపైన, పచ్చిక బయళ్ళలోను పరుగెత్తును. ముఖము తెల్లగ నుండునది, క్రింది భాగము పసుపుగ నుండునది చలికాలపు అతిథులు. తల నల్లగనుండి, కంటిపై తెల్లని కనుబొమ గలది మాత్రము ఏడాదిపొడుగున మన నేలనే ఉండి గూడు కట్టును. ఒకే కుటుంబమున ఊరివారు, అతిథులు పక్కపక్కనే కనబడుదురు గనుక అభ్యాసమునకు దీనిని మించిన పక్షి లేదు.

వానకోయిల: తీగలపై వరుసలుగ కూర్చుండును. వీపు నీలినలుపు, గొంతు ఇటుకరంగు, తోక లోతుగ చీలి యుండునది చలికాలపు జాతి.

గులాబి గోరువంక: తల, రెక్కలు నలుపు, శరీరము గులాబి. పిల్లపక్షులు బూడిదరంగు. మధ్య ఆసియా ప్రాంతములనుండి గుంపులుగ వచ్చి జొన్నచేలపై వాలును. గింజ తినునని రైతు విసుగుకొన్నను ఇది మిడుతలను కూడ విశేషముగ తినును.

సూదితోక బాతు: మెడ పొడవు, మగబాతు తోక సూదివలె సాగియుండును. పెద్ద చెరువులలో నడినీట గుంపుగ తేలుచుండును.

ఉల్లంకి: నీటి అంచున ఒంటరిగ తిరుగుచు, వెనుకభాగమును ఎడతెగక ఊపుచుండు చిన్న పక్షి. చిన్న కుంటకు కూడ వచ్చును గనుక ప్రతి పాఠశాలకు ఇది అందుబాటులో నుండును.

వీనిలో చాలవరకు సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి మార్చి, ఏప్రిల్ మాసములలో వెళ్ళును. కొన్ని ఇంకను ముందుగనే వచ్చును.

పుస్తకములో ఏమి వ్రాయవలెను?

బైనాక్యులర్ ఉన్న మంచిదే. ఎనిమిది రెట్లు పెంచి చూపునది చాలును. లేకున్నను పని ఆగదు. ఒక చెరువును గాని, పాఠశాల వెనుక పొలమును గాని ఎన్నుకొని వారమునకు రెండుమారులు, ఒకే వేళకు పోవలెను. ఉదయము మంచిది. తేదీ, వేళ, స్థలము, పక్షి, సంఖ్య, అది చేయుచున్న పని వ్రాయవలెను. గూడు కట్టుచున్నదా, పిల్లలున్నవా అను ప్రశ్నకు ప్రత్యేకముగ ఒక గడి ఉంచవలెను. పేరు తెలియనిచో ఊహించి వ్రాయక, రంగు, ముక్కు, కాళ్ళు, తోక చూచి బొమ్మ గీసికొనవలెను.

ఒక ముఖ్యమైన సంగతి. పక్షి కనబడని దినమును కూడ వ్రాయవలెను. ఎందుకనగా, అక్టోబరు 10న కాటుకపిట్ట కనబడినదని వ్రాసితిరి. అది ఆనాడే వచ్చినదా? అక్టోబరు 7న పోయి చూచి "లేదు" అని వ్రాసియున్నచో, 7వ తేదీకిని 10వ తేదీకిని నడుమ వచ్చినదని చెప్పగలరు. అంతకుముందు నెలదినములు ఆ వైపునకే పోనిచో ఆ తేదీ పక్షి వచ్చిన తేదీ కాదు. మీరు పోయిన తేదీ మాత్రమే. "లేదు" అను మాటకు శాస్త్రమున "ఉన్నది" అను మాటకున్నంత విలువ కలదు.

గూళ్ళ దగ్గరకు పోరాదు. తల్లి బెదరి లేచినచో పిల్లలు ఎండకు మాడును; కాకులు గ్రుడ్లనెత్తుకొనిపోవును. వలయమున్న పక్షి చనిపోయి దొరకినచో సంఖ్యను తప్పులేకుండ వ్రాసికొని, తేదీ, స్థలములతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు తెలుపవలెను. ప్రాణముతో నున్నచో వలయమును తీయరాదు.

ఒకే తరగతి ఒక ఏడు వ్రాసిన పుస్తకము మరుసటి ఏటి తరగతికి అందవలెను. పది సంవత్సరముల పుస్తకములు ఒక్కచోట చేరినచో, పక్షులు ముందుగ వచ్చుచున్నవా, ఆలస్యముగ వచ్చుచున్నవా, తగ్గుచున్నవా అను ప్రశ్నలకు ఆ ఊరిలోనే ఆధారముండును.

పేరు సరిగా తెలియుటవలన లాభమేమి?

గూడబాతును సైబీరియా పక్షి యన్నంత మాత్రమున నష్టమేమని అడుగవచ్చును. నష్టమున్నది. అతిథి యనుకొన్నచో, ఒక ఏడు రాకపోయినను "వేరొక చోటికి పోయియుండును" అని ఊరుకొందుము. మన ఊరి చెట్టుపై పుట్టిన పక్షి యని తెలిసినచో ఆ చెట్టు కొట్టివేసినను, ఆ చెరువు పూడినను దానికి వేరొక పుట్టినిల్లు దొరకుట కష్టమని గ్రహింతుము. కొల్లేరు సరస్సునకు 2002లో రామ్సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చినది. అయినను సరస్సు గర్భమును చేపలచెరువుల గట్లు ఆక్రమించియుండుటచేత 2006లో ఆ గట్లను తెగగొట్టవలసి వచ్చినది.

నిజమైన సైబీరియా పక్షియగు తెల్లకొక్కెర రాజస్థానములోని భరత్‌పూర్‌నకు ఏటేట వచ్చుచుండెడిది. 2002లో కనబడినదే కడపటి చూపు. తరువాత మరల రాలేదు. దీనికి భిన్నమైన ఉదాహరణము నాగాలాండులో కలదు. అచటి దోయాంగ్ జలాశయము దగ్గర 2012లో అమూర్ డేగలు లక్షకు పైగా వలలలో చిక్కి చంపబడెనని అంచనా. ఆ పక్షులు తూర్పు ఆసియానుండి బయలుదేరి, అరేబియా సముద్రము దాటి ఆఫ్రికాకు పోవుచు మార్గమధ్యమున అచట దిగినవని గ్రామస్థులకు తెలిసెను. మరుసటి ఏడే, 2013లో, వారు వలలు మానిరి. కొద్ది మాసముల తెలివి లక్షల ప్రాణములను నిలిపినది.

ఈసారి తరగతి నంతటిని చెరువు గట్టుకు తీసికొనిపోయినప్పుడు "ఇది యెచటి పక్షి?" అని ఎవరైన అడిగినచో వెంటనే జవాబు చెప్పకుడు. "దీని గూడు ఎచట నున్నది? చూచి వ్రాయుడు" అని చెప్పుడు. జవాబు వారి పుస్తకములోనే దొరకును.